యూయూ అని వస్తే సెన్సర్ పోయినట్టేనా?

ప్రశ్న: లైనక్స్ బోర్డు మీద ఎక్స్‌పాన్షన్ బోర్డు పెట్టి ఎల్ఎం75 టెంపరేచర్ సెన్సర్ కలిపాను. ఐ2సీ (చిప్‌లను రెండు వైర్లతో కలిపే పద్ధతి) మీద ఏ చిప్‌లు ఉన్నాయో వెతికే ఐ2సీడిటెక్ట్ కమాండ్ కొడితే, సెన్సర్ అడ్రస్ 48 రావాల్సిన చోట యూయూ వస్తోంది. సెన్సర్ పాడైందా?

జవాబు: టెన్షన్ పడకండి, అది దాదాపుగా శుభవార్తే. ఆ అడ్రస్‌ని కెర్నల్ డ్రైవర్ (సెన్సర్‌ని నడిపే లైనక్స్ లోపలి ప్రోగ్రామ్) అప్పటికే వాడుకుంటోంది కాబట్టి ఐ2సీడిటెక్ట్ దాన్ని కదిలించకుండా వదిలేసిందని దాని అర్థం, డివైస్ ట్రీ ఓవర్‌లేలో (బోర్డుకి ఏ పరికరాలు కలిపారో లైనక్స్‌కి చెప్పే ఫైల్) సెన్సర్ పేరు రాసి ఉంటే మామూలుగా జరిగేది ఇదే. బలవంతంగా చదివించే ఆప్షన్ జోలికి మాత్రం వెళ్లొద్దు, డ్రైవర్ పనికి అడ్డొస్తుంది. సిస్ ఫోల్డర్‌లో క్లాస్, అందులో హెచ్‌డబ్ల్యూమాన్ తెరిచి టెంప్1_ఇన్‌పుట్ ఫైల్ చూడండి. 27500 అని ఉంటే 27.5 డిగ్రీల సెల్సియస్ అన్నమాట. యూయూ బదులు రెండు గీతలు వస్తే అప్పుడు వైర్లు చూడాలి: ఎస్‌డీఏ (డేటా వైరు), ఎస్‌సీఎల్ (క్లాక్ వైరు) తారుమారయ్యాయేమో, ఆ వైర్లను సప్లై వోల్టేజీ వైపు లాగి ఉంచే పుల్‌అప్ రెసిస్టర్లు ఉన్నాయో లేదో. బోర్డు పిన్నులు 3.3 వోల్టులవైతే ఆ పుల్‌అప్‌లను 5 వోల్టులకు అస్సలు కలపొద్దు, ప్రాసెసర్ పిన్నే కాలిపోవచ్చు.