కాలికి సెల్యులైటిస్ వస్తే తగ్గడానికి ఎంత కాలం పడుతుంది? అది బోదకాలు అవుతుందా?

మీ అమ్మగారికి మందులు మొదలుపెట్టి వారం కావస్తున్నా కాలి వాపు దిగలేదని, మామూలుగా ఎప్పటికి నడుస్తారని, ఇది చివరికి బోదకాలు అవుతుందేమోనని అడిగారు. ఆఖరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్లకు ఆ భయం ముందు మిగతావేవీ కనిపించవు. కాదు, ఇది బోదకాలు కాదు. బోదకాలు దోమకాటుతో ఒంట్లో చేరే పురుగు వల్ల వస్తుంది. సెల్యులైటిస్ చర్మంలో ఎక్కడో చిన్న చీలిక దొరికితే లోపలికి దూరిన స్ట్రెప్టోకాకస్, స్టాఫిలోకాకస్ లాంటి బాక్టీరియా పని. రెండింటికీ ఒక లంకె ఉన్న మాట నిజమే. దాని సంగతి కిందికి వెళ్లాక చెబుతాను.

ఎంత కాలం అన్నదానికి నా సమాధానం వేరు. మీ ఇంట్లో ఆవిడను కాలు ఎత్తులో పెట్టుకుని పడుకోనిస్తున్నారా? ముందు అది చెప్పండి.

నాకు ఇది 2022 జులై వరదల తర్వాత వచ్చింది. మాది పి.గన్నవరం దగ్గర లంకను ఆనుకుని ఉన్న ఊరు. ఆ ఏడు ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మా పెరట్లో మోకాటి లోతున నీరు నిలిచింది. నీరు తీశాక మిగిలిన ఒండ్రు ఎత్తిపోయడం, గచ్చు కడగడం, తడిసిన సామాను ఆరబెట్టడం అంతా ఆడవాళ్ల పని, అదీ ఒట్టి కాళ్లతో. గట్టు మీదికి వెళ్లే మగవాళ్లకు చెప్పులుంటాయి. పెరట్లో తిరిగే ఆడదానికి చెప్పులెందుకో ఎవరికీ అర్థం కాదు. చిటికెన వేలికీ పక్క వేలికీ మధ్య చర్మం నాని, తెల్లబడి, ఒరిసిపోయింది. ఊడ్పుల కాలంలో మా వైపు అలా ఒరవని ఆడమనిషి కాలు కనిపించదు కాబట్టి దాన్ని జబ్బు కింద ఎవరూ కట్టరు.

ఒక సాయంత్రం దీపాలు పెట్టే వేళకు చలి పట్టుకుంది. రగ్గు మీద రగ్గు కప్పినా పళ్లు టకటకలాడుతూనే ఉన్నాయి. అప్పటికి కాలి మీద ఏమీ లేదు, గజ్జల్లో బిళ్ల కట్టి నొప్పి పెడుతోంది, అంతే. తెల్లవారేసరికి చీలమండ నుంచి పిక్క సగం వరకు ఎర్రబడి, బిగిసి, నిగనిగలాడుతోంది. చెయ్యి పెడితే సెగ. చీర కుచ్చిళ్లు తగిలినా ప్రాణం పోయినంత పని అయ్యేది. అన్నిటికంటే దారుణం ఏమిటంటే మంచం మీద నుంచి కాలు కిందికి దించే క్షణం. ఒంట్లో ఉన్న రక్తమంతా ఒక్కసారిగా కిందికి దూకి, చర్మం చిట్లిపోతుందేమో అనిపిస్తుంది. మా మరుగుదొడ్డి పెరటి చివర ఉంది. అక్కడిదాకా వెళ్లి రావడం తలచుకుని నేను మంచినీళ్లు తాగడం తగ్గించేశాను.

మా అత్తగారు చూసి బోదజ్వరం అన్నారు. పక్కింటి పిన్నిగారు అక్కి అని తేల్చి, జేగురు పూయించమన్నారు. మా ఆడపడుచు ఫోనులో వావిలాకు కాపడం పెట్టమంది. ఊళ్లో ఆర్‌ఎంపీ వచ్చి ఒక సూది పొడిచాడు. ఏం మందు బాబూ అని అడిగితే ‘మంచిదేనమ్మా’ అన్నాడు. మంచిదో చెడ్డదో, ఆ పూటకు జ్వరం దిగింది, ఎరుపు మాత్రం మోకాలి వైపు ఎక్కుతూనే ఉంది. నొప్పి తెలియకుండా చేసే సూది వేరు, జబ్బు తగ్గించే సూది వేరు. ఈ తేడా తెలియకే మా వైపు సగం కాళ్లు ముదిరిపోతున్నాయని నా గట్టి నమ్మకం.

మా ఆయన నన్ను అమలాపురం తీసుకువెళ్లారు. అక్కడి డాక్టరమ్మ నా కూతురి వయసు పిల్ల. వచ్చీ రాగానే బాల్‌పెన్ను తీసి, ఎరుపు ఎక్కడ ఆగిందో ఆ అంచు వెంబడే కాలి చుట్టూ గీత గీసి, పక్కన తేదీ, టైము వేసింది. ‘రేపు ఇది గీత దాటిందా లేదా చూద్దాం’ అంది. రక్తంలో చక్కెర చూసింది, సిరలో గడ్డ కట్టలేదని తెలుసుకోవడానికి స్కానింగ్ తీయించింది, సెలైన్‌లో యాంటీబయాటిక్ పెట్టింది. మర్నాడు ఎరుపు గీత దాటి వేలెడు పైకి పోయింది. మా ఇంటిల్లిపాదీ గొల్లుమన్నారు. ఆ అమ్మాయి మాత్రం జ్వరం చూసి, గజ్జల్లో బిళ్ల నొక్కి చూసి, మందు పనిచేస్తోందని చెప్పింది. మొదటి రోజు, రెండో రోజు మందు పడ్డాక కూడా ఎరుపు కొంచెం పాకవచ్చట. ఆ తర్వాత కూడా గీత దాటి పోతూ ఉంటేనే మందు మార్చాలట. చెప్పినట్టే ఎరుపు వెనక్కి తగ్గింది. బిగిసిన చర్మం మీద సన్నటి ముడతలు కనిపించాయి. ఆ ముడతలు చూసి నేను పడ్డ సంతోషం ఇంకెప్పుడూ పడలేదు.

మీ అమ్మగారి కాలికి కూడా ఇవాళే గీత గీయండి. ఖర్చు లేని పని.

ఇక మెట్టెల గొడవ. వేళ్లు వాచిపోయి వెండి చుట్లు కండలో దిగబడ్డాయి. తీసేయాలంది డాక్టరమ్మ. ‘ముత్తయిదువ కాలికి మెట్టె లేకుండా ఎలాగమ్మా’ అని మా అత్తగారు. ‘కాలుంటే కదండీ మెట్టె’ అని ఆ పిల్ల. నర్సు కొబ్బరినూనె రాసి, చుట్టు విప్పి, నా చేత కేకలు పెట్టించి మరీ తీసింది. ఇంటికి రాగానే అత్తగారు ఆ వేలికి పసుపుదారం కట్టారు. కాలు కడిగినప్పుడల్లా దారం తడిసి, ఆరక, వేళ్ల మధ్య మళ్లీ నానడం మొదలైంది. తర్వాతిసారి చూపించుకోవడానికి వెళ్తే డాక్టరమ్మ ఒక్క మాట కూడా అనకుండా కత్తెర తీసి దారం కత్తిరించేసింది. ఆ సాయంత్రం అత్తగారు రెండు మెట్టెలూ నా మంచి కాలికే ఎక్కించి సమాధానపడ్డారు.

అసలు రణం కాలు ఎత్తి పెట్టుకోవడం దగ్గర. కాలు గుండె కంటే ఎత్తులో ఉండాలన్నారు. అలా పెడితేనే కాల్లో చేరిన నీరు వెనక్కి మళ్లుతుంది, వాపు దిగుతుంది, నొప్పి సగానికి సగం తగ్గుతుంది. మంచం కాళ్లవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి, పైన రెండు దిండ్లు వేశాం. హాల్లో ఒకవైపు కాళ్లు పెడితే దేవుడి గది. ఇంకోవైపు పెడితే పడక కుర్చీలో మా మామగారు. వీధి గుమ్మం వైపు పెడితే ‘శవాన్ని పడుకోబెట్టినట్టు అదేమిటి’ అని పెద్దవాళ్ల గోల. మిగిలిన వైపు తిరిగితే తల ఉత్తరానికి వస్తుంది. నాలుగు దిక్కులూ అయిపోయాయి. చివరికి ధాన్యం బస్తాల గదిలో, దింపు తీసి పోసిన కొబ్బరికాయల కుప్ప పక్కన నాకు చోటు దొరికింది. ఎలుకల సంగతి అలా ఉంచండి, అక్కడైతే నా కాళ్లు ఎవరి కంటా పడవు. అక్కడికొచ్చాకే నా కాలు బాగుపడింది.

ఆడది పగటిపూట కాలు దిండు మీద వేసుకుని పడుకుంటే చూసేవాళ్లకు అది వైద్యంలా కనిపించదు, బద్ధకంలా కనిపిస్తుంది. ‘కాస్త కూర్చునే కూరగాయలు తరిగిపెట్టు’ అంటారు. కూర్చోవడం విశ్రాంతి అనుకుంటారు. కాలు కిందికి వేలాడేసి కూర్చోవడం, నిలబడి వంట చేయడం కాలికి దాదాపు ఒకటే. శ్రావణ శుక్రవారాలు వచ్చేసరికి పేరంటానికి రమ్మని పిలుపులు. పోనీ వాళ్లే వచ్చి వాయనం ఇస్తామంటే, ఇచ్చేముందు కాళ్లకు పసుపు రాస్తామని పట్టు. పొట్టు లేస్తున్న చర్మం మీద పసుపు రాయించుకునే ఓపిక నాకు లేదని చెప్పి ఇద్దరు ముగ్గురికి దూరమయ్యాను.

పథ్యం మాట ఎత్తితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పప్పు తింటే చీము పడుతుందట. వంకాయ వద్దు, గోంగూర వద్దు, చేప అసలే వద్దు. అది ఎర్రనీరు వచ్చిన రోజులు, పులస దిగే కాలం. యానాం వైపు నుంచి మా అత్తగారి తమ్ముడు ఒక పులసను పంపించారు. పుస్తెలమ్మి అయినా పులస తినాలంటారు కదా, పుస్తెలూ ఉన్నాయి, పులసా వచ్చింది, నాకు మాత్రం చారన్నం. చర్మం మళ్లీ కట్టుకోవాలంటే మాంసకృత్తులు కావాలి, పప్పు, గుడ్డు, చేప అన్నీ పెట్టండని డాక్టరమ్మ చెప్పినా ఎవరు వింటారు? చక్కెర జబ్బు ఉంటే అన్నం తగ్గించాలి కానీ పప్పు మానేయమని ఏ డాక్టరూ అనరు.

బోదకాలు లంకె ఇప్పుడు చెబుతాను. నా చిన్నప్పుడు రాత్రి భోజనాలయ్యాక ఫైలేరియా వాళ్లు ఇంటింటికీ వచ్చి వేలి మీద పొడిచి రక్తం తీసేవారు. పగలు తీస్తే లాభం లేదు, ఆ పిల్లపురుగులు రక్తంలోకి వచ్చేది రాత్రిపూటే. దేశంలో ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. 2004 నుంచి డీఈసీ మాత్రలు, తర్వాత వాటితోపాటు ఆల్బెండజోల్ ఊరందరికీ పంచడం చూశాం. ఇచ్చినవాళ్ల ఎదుట మింగకుండా గూట్లో దాచినవాళ్లనూ చూశాం. ఆ మాత్రలు పురుగుల కోసం. కాలు ఎర్రబడి చలిజ్వరం వచ్చిన రాత్రి వాటిని మింగితే ఒరిగేది లేదు. ఎందుకంటే మనం బోదజ్వరం అని పిలిచేదాంట్లో ఎక్కువ భాగం బాక్టీరియా వల్ల వచ్చేదే. బోదకాలు ఉన్నవాళ్లకు శోషరసం పారే నాళాలు ముందే చెడి ఉంటాయి కాబట్టి వేళ్ల సందుల్లో చిన్న చీలిక చాలు, జ్వరం వస్తుంది. వచ్చినప్పుడల్లా ఆ నాళాలు ఇంకొంచెం చెడతాయి, వాపు ఇంకొంచెం పెరుగుతుంది. పురుగు లేకపోయినా, సెల్యులైటిస్ పదేపదే తిరగబెడితే వాపు శాశ్వతంగా ఉండిపోవచ్చు. మీరు భయపడాల్సింది దానికి.

తిరగబెట్టకుండా ఉండాలంటే నా లెక్క ప్రకారం మొదట చూడాల్సింది వేళ్ల మధ్య. రోజూ సబ్బుతో మామూలు నీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో ఒక్కొక్క సందూ తుడిచి ఆరనివ్వాలి. ఒరుపు ఉంటే డాక్టరు రాసిన ఫంగస్ మందు పూయాలి. నాకు క్లోట్రిమజోల్ రాశారు. మడమల పగుళ్లకు రాత్రిపూట ఏదైనా నూనె. నేనైతే పెరట్లోకి కూడా రబ్బరు చెప్పులు లేకుండా దిగను, ఎవరేమనుకున్నా సరే. మా తోటికోడలికి ఏడాదిలో మళ్లీ మళ్లీ వస్తే డాక్టరు మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది పెట్టారు. 2013లో బ్రిటన్, ఐర్లండ్ రోగుల మీద చేసిన పరిశోధనలో రోజుకు రెండుసార్లు 250 మిల్లీగ్రాముల పెన్సిలిన్ ఏడాదిపాటు వాడినవాళ్లలో 22 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో 37 శాతం మందికి తిరగబెట్టింది. మందు ఆపేశాక ఆ రక్షణ మెల్లగా తగ్గిపోయిందని కూడా తేలింది. అంటే మందు ఉన్నా వేళ్ల సందులు తుడుచుకోక తప్పదు.

ఇంత చెప్పినా, మా చేల్లో ఊడ్పులకు వచ్చే ఆడవాళ్లకు ఇవేవీ కుదరవని నాకు తెలుసు. పొద్దస్తమానం బురదలో ఉండే కాలు ఎప్పుడు ఆరుతుంది? ఒక పూట పడుకుంటే ఆ పూట కూలి పోతుంది. డ్రెయిన్లలో గుర్రపుడెక్క తీయించకుండా వదిలేస్తే నీరు లాగదు, చేపల చెరువుల మురుగు వచ్చి దాంట్లోనే కలుస్తుంది, ఆ నీళ్లే మళ్లీ పెరళ్లలోకి ఎక్కుతాయి. సార్వాకు ఒకసారి, దాళ్వాకు ఒకసారి మా పంచాయతీలో ఇదే మాట అడుగుతున్నాను.

మీరు అడిగిన కాలం సంగతి. మందు సరిగా పడితే జ్వరం, ఎరుపు రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం పట్టాలి. తేలికపాటి దానికి మందుల కోర్సు 5 నుంచి 7 రోజులు, ముదిరితే ఇంకా ఎక్కువ. ఎరుపు తగ్గిందని మధ్యలో ఆపకూడదు. వాపు, ఆ గోధుమరంగు మచ్చ, నడిస్తే లాగడం మాత్రం వారాల తరబడి ఉంటాయి. వారానికి వాపు దిగలేదంటే మందు పనిచేయలేదని కాదు, ఎరుపు ఎటు పోతోందో చూడండి. పైకి కనిపించేదానికి మించి నొప్పి ఉన్నా, చర్మం ఊదారంగుకో నలుపుకో తిరిగినా, బొబ్బలు లేచినా, మనిషి మాట తడబడినా అర్ధరాత్రయినా పెద్దాసుపత్రికి తీసుకువెళ్లండి. అది వేరే జబ్బు, గంటల్లో ముంచుతుంది.

మీ అమ్మగారికి చక్కెర ఉందో లేదో మీరు రాయలేదు. చూపించకపోతే రేపే చూపించండి. వాపు నిలిచిపోతే బిగుతు మేజోళ్లు ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా అప్పుడే అడగండి. కాలు ఎర్రగా, పచ్చిగా ఉన్నప్పుడు సొంతంగా తొడిగించకండి.