రాత్రి బండి ఎక్కడ పెడతారు?

అమెరికా వచ్చిన కొత్తలో మన కోనసీమ, భీమవరం వైపు పిల్లలు కార్ల గురించి నన్నడిగేవి రెండే. ఇక్కడ మాకు ఏ కారు కొనుక్కోమంటారు? ఊళ్ళో అమ్మానాన్నలకి ఏది కొనిపెట్టమంటారు? ఎలక్ట్రిక్కా, ప్లగ్-ఇన్ హైబ్రిడ్డా (పెట్రోలుతోనూ, ప్లగ్గు పెట్టి ఛార్జి చేసే బ్యాటరీతోనూ నడిచేది), మామూలు పెట్రోలా? రెండిటికీ నేను ముందు ఒకటే అడుగుతాను. రాత్రి బండి ఎక్కడ పెడతారు, అక్కడ ప్లగ్గు ఉందా?

ఇక్కడి సంగతి త్వరగా తేలిపోతుంది. అద్దె అపార్ట్‌మెంట్, కింద ఛార్జర్ లేదు అంటే ఎలక్ట్రిక్ ఇప్పుడే వద్దు. బయట ఫాస్ట్ ఛార్జర్ల మీదే ఆధారపడితే, ఇంటి కరెంటుతో మిగలాల్సిన డబ్బు మిగలదు. ఎలక్ట్రిక్ కొంటే వచ్చే 7,500 డాలర్ల ఫెడరల్ టాక్స్ క్రెడిట్ కూడా 2025 సెప్టెంబరు 30తో ఆగిపోయింది, పాత వీడియోలు చూసి లెక్కలు కట్టకండి. ప్లగ్-ఇన్ కూడా రోజూ ప్లగ్గు పెట్టేవాళ్ళకే లాభం. యూరప్ రోడ్ల మీద ఆ కార్లు ల్యాబ్ లెక్క కన్నా సగటున మూడున్నర రెట్లు ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ వదులుతున్నాయని యూరోపియన్ కమిషన్ 2024లో చెప్పింది. అనుకున్నంతగా ఛార్జింగ్ పెట్టకపోవడమే దానికి ముఖ్యమైన కారణం. కాబట్టి గాలన్‌కి 50 మైళ్ళు ఇచ్చే, ప్లగ్గు అక్కర్లేని మామూలు హైబ్రిడ్, కొరొల్లా గానీ ప్రియస్ గానీ, సెకండ్ హ్యాండ్‌లో చూసుకోండి. సొంతింటికి మారి గరాజ్‌లో 240 వోల్టుల లైను వేయించుకున్నాక ఎలక్ట్రిక్ గురించి మాట్లాడుకుందాం.

ఊళ్ళో కారు దగ్గరే ఎక్కువ ఆలోచించాలి. ఏడాదికి మూడు వారాలు వెళ్ళే మనం, మన సామాన్లకీ మన ప్రయాణాలకీ సరిపోయేలా పెద్ద బండి కొనేసి, మిగతా ఏడాదంతా దాన్ని నాన్నగారి మీద పడేస్తున్నాం. ఇది నాకు నచ్చదు. మీరొచ్చినప్పుడు ఇన్నోవా అద్దెకి తీసుకోండి. వాళ్ళు తిరిగేదల్లా అమలాపురం ఆసుపత్రి, పాలకొల్లు బజారు, అంతర్వేది తీర్థం, ఆర్నెల్లకోసారి ద్వారకా తిరుమల. హైదరాబాదుకి ఎలాగూ రాత్రి రైలెక్కుతారు. సొంతిల్లు, సొంత కాంపౌండు, రోజుకి కొద్ది దూరమే. ఎలక్ట్రిక్‌కి ఇంతకన్నా అనువైన ఇల్లు దొరకదు. జీఎస్టీ కూడా దానికి 5 శాతమే. చిన్న పెట్రోలు కారుకి 2025 సెప్టెంబరులో తగ్గించాక కూడా 18 ఉంది. ప్లగ్-ఇన్ మన మధ్యతరగతి ధరల్లో ఇండియాలో దొరకదు, దాన్ని మర్చిపోండి.

అయితే షోరూముకి వెళ్ళేముందు ఒక పని చేయండి. వీడియో కాల్ పెట్టి, పోర్టికోలో ఉన్న 16 ఆంప్స్ సాకెట్ దగ్గరికి ఫోను తీసుకెళ్ళమనండి. రంధ్రాల చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగు తిరిగిందా? అలా ఉంటే అది ఇప్పటికే వేడెక్కుతోందన్నమాట. గీజరు పావుగంటలో ఆగిపోతుంది. కారు అదే సాకెట్ నుంచి దాదాపు 3 కిలోవాట్లు రాత్రంతా లాగుతుంది. దానికి విడిగా రాగి వైరు, విడిగా ఎంసీబీ (ఎక్కువ కరెంటు లాగితే తనే ఆపేసే స్విచ్చు) ఉండాలి. తర్వాత పెరట్లో ఎర్త్ పిట్ (లీకయ్యే కరెంటుని భూమిలోకి పంపే చోటు) చూపించమనండి. మన వైపు చాలా పాత ఇళ్ళలో అది ఎప్పుడో పాతిన ఇనుప పైపు. సముద్రం దగ్గరి ఉప్పు నేలలో అలాంటి పైపుని తుప్పు సగం తినేసి ఉంటుంది. ఎర్తింగ్ సరిగా లేకపోతే చాలా ఛార్జర్లు ఎర్ర లైటు వేసి ఊరుకుంటాయి, మన వాళ్ళేమో బండి పాడైందనుకుంటారు. మంచి ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి అదంతా కొత్తగా వేయించండి, కరెంటాఫీసులో లోడు పెంచమని అర్జీ పెట్టించండి. మా ఇంట్లో కారు కన్నా ముందు ఈ పనే జరిగింది. అప్పటినుంచి నాన్నగారు సాయంత్రం కాఫీ తాగి ప్లగ్గు పెట్టేసి పడుకుంటున్నారు.

ఇక గోదారి సంగతి. లంక గ్రామాల్లో ఉన్నవాళ్ళకి, వరదొస్తే వీధిలోకి నీళ్ళొచ్చే ఇళ్ళకి, ఇంట్లో ఉన్న ఒక్క బండీ ఎలక్ట్రిక్ అవ్వకూడదని నా గట్టి అభిప్రాయం. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది, లంకలు మునిగాయి. 1996 నవంబరు 6 తుపాను చూసిన మీ అమ్మగారిని అడగండి, కరెంటు మళ్ళీ ఎన్నాళ్ళకొచ్చిందో చెప్తారు. వాన నీళ్ళకి బ్యాటరీ భయపడదు. నీళ్ళలో నాని ఉన్న బండితోనే జాగ్రత్త, అందులోనూ ఉప్పు నీళ్ళయితే మరీను. 2022లో ఇయాన్ హరికేన్ తర్వాత ఫ్లోరిడాలో ఉప్పునీటిలో మునిగిన ఎలక్ట్రిక్ కార్లు కొన్ని అంటుకున్నాయి. మునిగిన బండిని స్టార్ట్ చేయొద్దు, ఛార్జింగ్ పెట్టొద్దు, ఇంటికి దూరంగా లాగించి సర్వీసు వాళ్ళని పిలవమని అమ్మానాన్నలకి ఇప్పుడే చెప్పి ఉంచండి. సాకెట్ కూడా ఛాతీ ఎత్తులో పెట్టించండి. తుపాను హెచ్చరిక వచ్చిన సాయంత్రమే ఫుల్ ఛార్జి చేసి, బండిని ఏటిగట్టు మీదకో మెరక మీదకో చేర్చేస్తే, కరెంటు పోయినా నాలుగు రోజులు ఆసుపత్రి తిరుగుళ్ళకి సరిపోతుంది.

ఏటికి దూరంగా, మెరక మీద ఉన్న ఇళ్ళవాళ్ళకి ఇంత బెంగ అక్కర్లేదు. దగ్గర్లో ఎలక్ట్రిక్ కార్లు బాగుచేసే సర్వీస్ సెంటర్ ఎక్కడుందో మాత్రం కొనేముందే కనుక్కోండి. టెస్ట్ డ్రైవ్‌కి వెళ్ళినప్పుడు ఆ ఛార్జింగ్ కేబుల్ నాన్నగారి చేతే ఎత్తించి, ఆయన చేతే పెట్టించండి.

ఇంకా తేల్చుకోలేకపోతే సాకెట్ ఫోటో, ఎర్త్ పిట్ ఫోటో, 2022లో నీళ్ళు మీ ఇంటి దగ్గర ఎక్కడిదాకా వచ్చాయో ఆ ఫోటో నాకు పంపండి. చూసి చెప్తాను.