కూత వినిపిస్తుంది, పిట్ట కనిపించదు

ప్రశ్న: మాది విజయనగరం. మొన్న మే నెలలో అనంతగిరి దగ్గర ఒక కాఫీ తోటలో రెండు రోజులు ఉన్నాం. తెల్లారేసరికి గెడ్డ (కొండవాగు) వైపు నుంచి ఈల వేసినట్టు మూడు నాలుగు స్వరాల కూత. ఫోన్‌లో యాప్ ‘అబ్బాట్స్ బాబ్లర్’ అని చూపించింది. బైనాక్యులర్స్‌తో చెట్లన్నీ గాలించాను. మెడ పట్టేసింది గానీ పిట్ట దొరకలేదు. యాప్ తప్పు చెప్పిందా? ఈసారి ఆ కూతను స్పీకర్‌లో పెట్టి పిలవచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: మెడ పట్టేసిందన్నారు చూడండి, తిరకాసంతా అక్కడే ఉందమ్మా. సిల్వర్ ఓక్ కొమ్మల్లో మీరు వెతుకుతుంటే అది మీ మోకాళ్ల దగ్గర పొదలో ఉండి ఉంటుంది. నేల మీదా, నేలకు కాస్త పైనా దాని సంసారం. పైగా శుభ్రంగా కలుపు తీసిన తోటలో దానికేం పని? తోట అయిపోయి గెడ్డలోకి దిగే చోట, తీగలు అల్లుకుపోయిన తడి నేల చూడండి.

యాప్ చెప్పింది నిజమే కావచ్చు. ఈ పిట్ట అసలు ఇలాకా నేపాల్ నుంచి ఈశాన్య రాష్ట్రాల మీదుగా ఆగ్నేయాసియా దాకా. అక్కడికి ఎంతో దూరంగా, మన తూర్పు కనుమల్లో కొన్ని విడిగా మిగిలిపోయాయి. 1985లో రిప్లీ, బీలర్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు వీటిని వేరే ఉపజాతిగా గుర్తించి ‘కృష్ణరాజుయి’ అని పేరు పెట్టారు. ఆ కృష్ణరాజు మన విశాఖ పక్షి నిపుణులు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు గారే. ఎక్కడి పిట్టకు ఎవరి పేరు! నాకు మాత్రం భలే సంతోషం.

అయితే అవే గెడ్డల్లో పఫ్ త్రోటెడ్ బాబ్లర్ కూడా తిరుగుతుంది. అదీ మట్టిరంగే, అదీ ఈలే వేస్తుంది. దాని ఎద మీద గోధుమరంగు చారలుంటాయి. మీ పిట్టకు చారలుండవు, తోక కింద ఇటుకరంగు ఉంటుంది.

నేనూ రెండు రోజులు ఎండుటాకులు కరకరలాడించుకుంటూ తిరిగినవాణ్ణే. మూడో రోజు చెప్పు తెగింది. రాయి మీద కూర్చుని పిన్నీసుతో తంటాలు పడుతుంటే, పదిహేను నిమిషాలకు కాబోలు, రెండు బారల దూరంలో ఒక ఆకు కదిలింది. గాలి లేదు. ఆకు పక్కకు తప్పుకుంది, పొట్టి తోక పిట్ట ఒకటి తల వంచి నన్ను చూసి పొదలో దూరిపోయింది. ఫోటో అడక్కండి, చేతిలో చెప్పుంది.

స్పీకర్ మాత్రం వద్దు. ఎండాకాలం, వానాకాలం వాటికి గూళ్లు కట్టుకునే రోజులు. ఇంకో మగపిట్ట వచ్చిందనుకుని టెన్షన్ పడి గూడు వదిలేసి వస్తుంది. గూడూ కిందనే, పొదల్లో ఉంటుంది కాబట్టి లోపలికి దూరి వెతకొద్దు. బయటే ఒక చోట కూర్చోండి. కనిపిస్తే ఎద మీద చారలున్నాయో లేదో చూసి నాకు రాయండి.