డ్రోన్‌కు వేరే కంపెనీ బ్యాటరీ వేయొచ్చా? – టెక్ సందేహాలు

ఈసారి వచ్చిన సందేహాల్ల సగానికి పైన డ్రోన్ బ్యాటరీల మీదనే ఉన్నయ్. అందుకే ఫోన్లు, లాప్‌టాప్‌ల ప్రశ్నలు వచ్చేసారికి పెట్టి మొత్తం వీటికే ఇస్తున్న.

దేవరకొండ నుంచి ఒక ఫోటోగ్రాఫర్ తమ్ముడు: అన్నా, పెళ్లిళ్లకు డ్రోన్ షూట్ చేస్త. నాది డీజేఐ మావిక్ ఎయిర్ 2. మూడు బ్యాటరీలుంటే రెండు ఉబ్బినయ్. ఒరిజినల్ దొరుకుతలేదు, దొరికిన కాడ రేటు మస్తు చెప్తున్రు. ఆన్‌లైన్ల సగం రేటుకే వేరే కంపెనీది ఉంది, పైగా 5000 ఎంఏహెచ్ అని రాసిన్రు. తీస్కోవచ్చా?

తమ్మీ, వేరే కంపెనీ బ్యాటరీ అసలే వద్దు అని నేను అనను గాని నువ్వు చూసిన ఆ 5000ది మాత్రం తీస్కోకు. ఒరిజినల్ ఎందుకు దొరుకుతలేదో నాకు తెలుసు. 2022 ఫిబ్రవరి 9న కేంద్రం బయటి దేశాల డ్రోన్ల దిగుమతి ఆపేసింది, రక్షణ, పరిశోధన లాంటి వాటికి తప్ప. విడిభాగాల మీద ఆ నిషేధం లేదు, నిజమే, కానీ డ్రోనే షోరూంకు రాకపోతే దాని బ్యాటరీ తెప్పించి స్టాక్ పెట్టేటోడు ఎవడుంటడు, అందుకే నీలాంటోళ్లందరు ఆన్‌లైన్ల వెతుక్కునుడే అయితుంది. కష్టపడి బతికే పిల్లలు, పెళ్లి డేట్ ఫిక్స్ అయినంక బ్యాటరీ లేదంటే అడ్వాన్స్ వాపస్ ఇయ్యాలె. ఆ బాధ తెలుసు కాబట్టే కొంచెం పెద్దగ రాస్తున్న.

ముందు లెక్క చూద్దాం. నీ డ్రోన్‌తో వచ్చిన బ్యాటరీ 3500 ఎంఏహెచ్, 11.55 వోల్టులు, రెండూ గుణించి వెయ్యితో భాగిస్తే 40 వాట్ అవర్ చిల్లర వస్తది (బ్యాటరీల పట్టే మొత్తం శక్తి లెక్క అది), బరువు 198 గ్రాములు. ఆన్‌లైన్ల ఉన్నది నిజంగ 5000 అయితే దగ్గర దగ్గర 58 వాట్ అవర్ ఉండాలె. అదే రకం సెల్స్‌తోని అంత కరెంటు పట్టాలంటే బరువు 280 గ్రాముల దాకా పోవాలె, సైజు కూడా పెరగాలె. కానీ డబ్బా అదే, దూరే సందు అదే. కాబట్టి ఏ బ్యాటరీ వచ్చినా ముందుగాల గ్రాముల కాటా మీద పెట్టు, కిరాణా షాపుల ఉన్న డిజిటల్ కాటా అయినా చాలు. 5000 అని రాసి 190 గ్రాములు తూగితే ఆ స్టిక్కర్ అబద్ధం, అక్కడికక్కడే రిటర్న్ పెట్టు. స్టిక్కర్ మీదనే అబద్ధం రాసినోడు లోపల మంచి సెల్స్ పెడ్తడని నమ్మడానికి నాకు మనసొప్పదు.

రెండోది వోల్టేజ్. మామూలు లిథియం పాలిమర్ సెల్ 4.2 వోల్టుల కాడ ఫుల్ అయితది. నీ డ్రోన్‌ల ఉన్నది హై వోల్టేజ్ రకం, ఒక్కో సెల్ 4.4 దాకా ఎక్కుతది, అట్లాంటివి మూడు. చీప్‌గ చేసేటోడు అదే డబ్బాల 4.2 సెల్స్ పెట్టి పైన 4.4 దాకా ఎక్కే ఛార్జింగ్ ఇస్తే ఏమైతది, సెల్ రోజూ మోయలేనంత మోస్తది, నెల రెండు నెలల్ల ఉబ్బుతది, ఒక్కోసారి అంటుకుంటది కూడా.

మూడోది నా లెక్కల అన్నిటికన్న పెద్దది, పర్సంటేజ్. ఫోన్‌ల 20 శాతం చూపించి టక్కున ఆఫ్ అయితే ఛార్జర్ పెట్టుకుంటం, అంతే. డ్రోన్ 80 మీటర్ల మీద ఉన్నప్పుడు అట్లయితే కిందికే వస్తది. ఆ పర్సంటేజ్ చెప్పేది బ్యాటరీల ఉన్న చిన్న చిప్. ఎంత కరెంటు పోయింది, ఎంత మిగిలింది అని అది లెక్క కడుతుంటది, ఆ లెక్కనే డ్రోన్ నమ్ముతది, ఇంటికి ఎప్పుడు మళ్లాలె అనేది కూడా దాన్ని బట్టే. లోపలి సెల్స్ వేరే, చిప్‌ల రాసుకున్న లెక్క వేరే అయితే స్క్రీన్ మీద కనిపించే నంబర్‌కు అర్థం లేదు. నాకే అయింది. పానగల్ చెరువు దాటినంక ఒక ఖాళీ చెల్క మీద ఎగరేస్తున్న, కొత్తగ కొన్న వేరే కంపెనీ బ్యాటరీ, స్క్రీన్ మీద 38 శాతం. గాలికి ఎదురుగ వెనక్కి తిప్పిన, చూస్తుండంగనే 9కి పడ్డది, డ్రోన్ దానంతట అదే దిగుడు షురూ చేసింది, నేను ఉరికినా అందలే, పక్కన పత్తి చేన్ల పడ్డది. చేను కాబట్టి సరిపోయింది. కింద మనుషులుంటే అన్న ఆలోచన ఆ రాత్రి నన్ను నిద్రపోనియ్యలే.

ఆ రోజు నుంచి ఒక పని చేస్తున్న, నువ్వు కూడా చెయ్. కొత్త బ్యాటరీ ఏదైనా సరే, ఒరిజినల్ అయినా, ఫుల్ ఛార్జ్ చేసి, మనుషులు లేని మైదానంల రెండు మీటర్ల ఎత్తుల ఊరికే నిలబెట్టు. యాప్‌ల సేఫ్టీల బ్యాటరీ సమాచారం అని ఉంటది, అక్కడ మూడు సెల్స్ వోల్టేజ్ వేరే వేరేగ కనిపిస్తది. నిమిషానికోసారి పర్సంటేజ్, మూడు సెల్స్ నంబర్లు నోట్‌బుక్‌ల రాస్కో. మూడు నంబర్లు దగ్గర దగ్గరగ కలిసి దిగాలె. ఒకటి మిగతా రెండింటి కన్న 0.1 వోల్టుకు మించి కింద ఉంటే, లేకుంటే 40 శాతం ఉండంగనే ఏదో ఒక సెల్ 3.5కు వస్తే, ఆ బ్యాటరీ గాల్లకు పనికిరాదు. ఇట్ల మూడు నాలుగు సార్లు చేసినంకనే ఎత్తుకు తీస్కపో, అది కూడా 40 కాడ దింపేసెయ్.

ఫర్మ్‌వేర్, అంటే డ్రోన్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్, దాని సంగతి కూడా విను. డ్రోన్ బ్యాటరీతో మాట్లాడుతది, ఇది మా బ్యాటరీ కాదు అని గుర్తుపడ్తే వార్నింగ్ ఇస్తది, కొన్ని మోడళ్లల్ల అసలే లేవనియ్యదు. ఇయ్యాల నడిచిన బ్యాటరీ రేపు అప్‌డేట్ చేసినంక నడవకపోవచ్చు. పెళ్లికి ముందు రోజు రాత్రి మాత్రం అప్‌డేట్ నొక్కకు.

మరి కొనాలంటే ఏం చూడాలె? స్టిక్కర్ మీద కెపాసిటీ ఒరిజినల్‌తోని సమానంగ ఉండాలె, ఎక్కువ కాదు. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని కింద ఆర్ తోని మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్, ఐఎస్ 16046 (ఇట్లాంటి బ్యాటరీల సేఫ్టీ ప్రమాణం) అని ఉండాలె, ఆ నంబర్ బీఐఎస్ సైట్ల కొట్టి చూస్తే ఏ కంపెనీదో తెలుస్తది. బిల్లు, రిటర్న్ ఉండాలె. ఇంకోటి, పాత డబ్బా విప్పి సెల్స్ మార్చి ఇస్తం అనేటోళ్లు దొరుకుతరు, చిప్ ఉన్న చాలా స్మార్ట్ బ్యాటరీల సెల్స్ ఊడదీస్తే చిప్ తనంతట తాను లాక్ అయిపోతది, దాన్ని తెరిపించినా పాత లెక్క అట్లనే ఉంటది. వద్దు.

ఇవన్నీ పాసైన బ్యాటరీ అయినా సరే బరాత్ మీద, మండపం మీద మాత్రం ఎగరేయకు తమ్మీ. పక్క నుంచి తీసినా షాట్ మంచిగనే వస్తది. మీది 570 గ్రాముల డ్రోన్, 250 గ్రాములు దాటితే రూల్స్‌ల మైక్రో అనే రకం కిందికి వస్తది, పైసలు తీస్కొని చేస్తే పైలట్ సర్టిఫికెట్ కావాలె, అది కూడా చూస్కో.

వనపర్తి దిక్కు నుంచి ఒక చెల్లె, మహిళా సంఘం తరఫున మందు కొట్టే డ్రోన్ నడుపుతది: అన్నా, 10 లీటర్ల డ్రోన్ మాది. పోయిన ఏడు ఒక బ్యాటరీ సెట్‌తోని ఎకరంన్నర అయ్యేది, ఇప్పుడు ఎకరం కూడా అయితలేదు. ఇంకో కంపెనీ ప్యాకులు తక్కువకు ఇస్తమంటున్రు. వేస్కోవచ్చా?

చెల్లె, నీ సంగతి పై తమ్ముని సంగతి ఒకటి కాదు. మందు కొట్టే డ్రోన్లల్ల చాలా వాటికి చిప్ లేని మామూలు ప్యాకులే ఉంటయి, రెండు వైర్లు, ఒక కనెక్టర్, అంతే. అట్లాంటిదైతే వేరే కంపెనీది వేసుడు తప్పు కాదు. ముందుగాల నీ డ్రోన్ చేసినోళ్లను అడుగు, ఈ ప్యాకు వేస్తే వారంటీ, ఇన్సూరెన్స్ ఉంటదా అని, నోటి మాట కాదు, వాట్సాప్‌ల అయినా రాసి ఇమ్మను. కనెక్టర్ పక్కన సన్నని పిన్నులు ఉన్నయంటే అది స్మార్ట్ బ్యాటరీ, అప్పుడు పైన చెప్పిందే నీకు కూడా.

నీ డ్రోన్‌ల 6 సెల్స్ ప్యాకులు రెండు వరుసగ కలిపి ఉంటే మొత్తం 12 సెల్స్, 44.4 వోల్టులు. ఈ రెండూ కవలల లెక్క ఉండాలె, ఒకటే కంపెనీ, ఒకటే కెపాసిటీ, ఒకటే వయసు. పాతది ఒకటి కొత్తది ఒకటి కలిపితే పాతది ముందే ఖాళీ అయితది, కొత్తది ఇంకా తోస్తుంటది, డ్రోన్‌కు మొత్తం వోల్టేజే కనిపిస్తది కాబట్టి ఏది సచ్చిందో తెల్వదు. కొంటే జతగ కొను, జత మీద మార్కర్‌తోని ఒకటే నంబర్ రాయి, ఎప్పుడూ విడదీయకు.

కరెంటు లెక్క కూడా చూడు. 16000 ఎంఏహెచ్ ప్యాకుల 80 శాతం పది నిమిషాల్ల అయిపోతే సగటున 77 ఆంపియర్లు గుంజుతున్నట్టు. ట్యాంకు నిండ ఉన్నప్పుడు లేపితే ఇంకా ఎక్కువ. చీప్ ప్యాకు మీద 25 సీ అని, అంటే కెపాసిటీకి 25 రెట్లు కరెంటు ఇస్తదని రాసుంటది, దాన్ని పట్టించుకోకు, మీ ఛార్జర్‌ల ఇంటర్నల్ రెసిస్టెన్స్ (సెల్ లోపల కరెంటుకు ఉండే అడ్డు) చూపించే ఆప్షన్ ఉంటే కొన్న రోజే ఒక్కో సెల్ నంబర్ చూసి టేప్ మీద రాసి ప్యాకుకే అతికించు. నెలకోసారి చూడు. ఒక సెల్ మిగతావాటి కన్న బాగ పెరిగితే ఆ జత పక్కకు పెట్టాలె.

అయితే చెల్లె, నీ పాత బ్యాటరీలు ఎందుకు పోయినయో కూడా చెప్త, లేకుంటే కొత్తవి కూడా అట్లనే పోతయ్. వానాకాలం పని అయిపోయినంక ఫుల్ ఛార్జ్ చేసి రేకుల షెడ్డుల పెట్టి, యాసంగిల మళ్ల తీసిన్రా? చాలా మంది చేసేది అదే. ఫుల్‌గ ఉన్న లిథియం సెల్ వేడిల కూసుంటే పని చేయకున్నా ముసలిదయితది. మన దిక్కు ఎండాకాలం రేకుల కింద ఎట్లుంటదో నీకు నేను చెప్పాల్సిన పని లేదు. పని లేనప్పుడు సెల్‌కు 3.8 వోల్టుల కాడ ఆపాలె, 6 సెల్స్ ప్యాకుకు 22.8 నుంచి 23 దాకా, ఛార్జర్‌ల స్టోరేజ్ అనే మోడ్ అదే. చేన్ల కూడా దిగంగనే కాలుతున్న ప్యాకును ఛార్జింగ్ పెట్టకు, చెట్టు నీడకు చేతికి సల్లగ అయ్యేదాక ఆపు. జనరేటర్ మోత నడుమ తొందర అనిపిస్తది, రైతు వెనకాల నిలబడి ఇంకెంత సేపు అంటడు, అయినా ఆపు. ఒక సెట్ ఎక్కువ ఉంటే ఈ ఆపుడు భారం కాదు, అందుకే డ్రోన్ మీద పెట్టే పైసల్ల కొన్ని మూడో జత మీద పెట్టమంట నేను.

గద్వాల నుంచి: డీజేఐ మినీ 3 ప్రోకు ప్లస్ అనే పెద్ద బ్యాటరీ వేస్తే ఎక్కువ సేపు ఎగురుతదట, వేయొచ్చా?

ఎగురుతది. కానీ డ్రోన్ బరువు 249 నుంచి సుమారు 290 గ్రాములకు పోతది, అంటే 250 గ్రాముల లోపుండే నానో రకం కాదు, పై తమ్మునికి చెప్పిన మైక్రో రూల్సే మీకూ వస్తయి. సరదాకు ఎగరేసినా రిజిస్ట్రేషన్ నంబర్ కావాలె.

జడ్చర్ల నుంచి: ఉబ్బిన బ్యాటరీకి సూదితోని చిన్న రంధ్రం చేసి గాలి తీస్తే మళ్ల పని చేస్తదని వీడియోల చూసిన. ఇంట్ల బీరువాల నాలుగున్నయి, చేయొచ్చా?

చేయకండి, దయచేసి. అది గాలి కాదు, సెల్ లోపలి ద్రావణం విడిపోతే పుట్టిన అంటుకునే వాయువు. సూది లోపలి పొరలను కలిపితే షార్ట్ అయి మీ చేతిల ఉండంగనే మంట అంటుకుంటది, ఆ పొగ కూడా విషమే. ఛార్జింగ్ పెట్టకండి, వాడకండి. కనెక్టర్లకు ఇన్సులేషన్ టేప్ చుట్టి, ఇసుక పోసిన ఇనుప డబ్బాల పెట్టి, గుర్తింపు ఉన్న ఈ-వేస్ట్ తీస్కునేటోళ్లకు ఇయ్యండి, చెత్త బండిల మాత్రం వేయొద్దు, పాపం ఆ బండి మీద ఉండేది కూడా మనుషులే. ఎవరికి ఇయ్యాలో తేలేదాక కూడా ఆగకండి, బట్టల నడుమ నుంచి ఆ నాలుగింటిని ఈ రోజే తీసి బయట, ఎండ తగలని కాడ పెట్టండి.