పేషీ, జామీను మీ బిడ్డకు కొత్త మాటలా?

దేవరకొండ దగ్గరి పల్లె నుంచి ఒక తండ్రి రాశారు: "మా బిడ్డ ఇంటర్ సీఈసీ సెకండియర్, తెలుగు మీడియం. మిర్యాలగూడ ప్రణయ్ హత్య కేసు తీర్పు చూసినప్పటి నుంచి క్రిమినల్ లాయర్ అవుతానంటోంది. ఐదేళ్ల లా మేలా, డిగ్రీ అయ్యాక మూడేళ్లదా? జడ్జి కోచింగ్‌లో ఇప్పుడే చేర్పిస్తే నేరుగా జడ్జి కావచ్చంటున్నారు. కోర్టు ఇంగ్లిష్ తనకు ఎక్కుతుందా? దొంగల మధ్య తిరిగే పిల్లకు సంబంధాలొస్తాయా?"

ముందు కోచింగ్ మాట. జడ్జిగా మొదటి మెట్టు జూనియర్ సివిల్ జడ్జి. ఆ పోస్టుకు కనీసం మూడేళ్లు ప్రాక్టీసు చేసి ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఐదేళ్ల చదువు, ఆపైన మూడేళ్లు కోర్టులో. ఎనిమిదేళ్ల తర్వాత రాసే పరీక్షకు ఇవాళ ఫీజు ఎందుకు? నాకు ఈ కోచింగ్‌ల మీద మొదటి నుంచీ నమ్మకం లేదు. 302, 420 అని సెక్షన్లు బట్టీ పట్టినవాళ్లు చాలామంది. ఆ సెక్షన్లున్న పాత శిక్షా చట్టం (ఐపీసీ) స్థానంలో 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. హత్యకు శిక్ష 103కు, మోసం 318కి మారాయి. నంబర్లు మారినా నిలిచేది, ఆ మాట వెనకున్న అర్థం తెలిసినవాళ్లే.

ఇంగ్లిష్ గురించి ఇంత భయం వద్దు. వకీలు, పేషీ, జామీను, వకాల్తా, పంచనామా, ముద్దాయి... వీటిలో మీ ఊళ్లో వినని మాట ఏది? ఇంగ్లిష్ పేర్లు ఒక ఏడాదిలో వచ్చేస్తాయి. తేడాలు పట్టుకోవడమే కష్టం. జామీను మీద కొడుకు బయటికి రాగానే "కేసు కొట్టేసిండ్రు" అని సంబరపడి, తర్వాతి వాయిదాకు పంపని తల్లిని నేను చూశాను. అతని మీద వారెంటు వచ్చింది. జామీను, అదే బెయిల్, అంటే విచారణ అయ్యేదాకా బయట ఉండనివ్వడమే. నిర్దోషి అని తేలడం వేరు. యావజ్జీవం అంటే పద్నాలుగేళ్లు అనుకుంటారు, కాదు. ఆ శిక్ష బతికినన్నాళ్లకు. మరణశిక్షకు అవకాశమున్న నేరాల్లో యావజ్జీవం పడితే, ప్రభుత్వం శిక్ష తగ్గించినా పద్నాలుగేళ్లు నిండకుండా బయటికి పంపరు. ప్రణయ్ కేసులో 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. కానీ హైకోర్టు ఖరారు చేయనిదే జిల్లా స్థాయిలోని ఏ సెషన్స్ కోర్టు వేసిన మరణశిక్షా అమలు కాదు. మీ బిడ్డను ఇదేమిటో అడిగి చూడండి. మీకే వివరించి చెబుతుందని నా నమ్మకం.

మీ ఉత్తరంలో అసలు మాట చివర ఉంది. సంబంధాలు! కోర్టులో ఉండేది దొంగలేనా అన్నా? దెబ్బలు తిని వచ్చిన కోడలు ఉంటుంది, చేయని నేరానికి రిమాండు అయిన కూలి ఉంటాడు. వాళ్ల కష్టం వినే వకీలమ్మ మీ ఇంట పుడితే, మీరు పెళ్లి లెక్క వేస్తున్నారు. కోపంగానే రాస్తున్నాను, ఏమీ అనుకోవద్దు.

ఐదేళ్లదా, మూడేళ్లదా? ఆమెకు మనసు గట్టిగా ఉంది కాబట్టి ఐదేళ్లదే. డిగ్రీ, లా విడిగా చేస్తే ఆరేళ్లు పడుతుంది. బయట ఉంచి చదివించే స్తోమత లేకపోతే నల్లగొండలో డిగ్రీ చేయించి, తర్వాత మూడేళ్లది చదివించండి, నష్టమేమీ లేదు. అయితే సీనియర్ దగ్గర జూనియర్‌గా ఉన్న మొదటి ఏళ్లలో చేతికొచ్చేది చాలా తక్కువ. కోచింగ్‌కు కట్టాలనుకున్న డబ్బు అప్పటికి దాచండి.

సెలవుల్లో ఒకరోజు ఇద్దరూ నల్లగొండ జిల్లా కోర్టుకు వెళ్లండి. మామూలు కేసుల విచారణ ఎవరైనా చూడవచ్చు. వెనక బెంచీలో కూర్చుని సాయంత్రందాకా వినండి. ఇంటికొచ్చే దారిలో ఏం మాట్లాడుతుందో విని, మళ్లీ రాయండి.