జేసీబీ పెడల్ అడుగుదాక పోతున్నది, హైడ్రాలిక్ ఆయిల్ పోయొచ్చా?

తమ్మీ, ముందుగల్ల జవాబు చెప్పేస్త: పోయకు. ఎందుకో తర్వాత చెప్త.

నువ్వడిగింది ఇదీ. ములుగు దిక్కు చెరువు పనిల జేసీబీ నడుస్తున్నది. మొదటిసారి తొక్కితే బ్రేకు పెడల్ అడుగుదాక పోతది, గబగబ మూడుసార్లు తొక్కితే గట్టిపడ్తది. బ్రేకు డబ్బల నూనె వారం వారం తగ్గుతున్నది, బయట ఎక్కడ తడి లేదు. షెడ్డాయన దాంట్ల 68 నంబర్ హైడ్రాలిక్ ఆయిల్ పోసి నడుపుకోమన్నడు. ఇంకోటి, టిప్పర్‌కు గాలి బ్రేకులుంటే దీనికి నూనె ఎందుకని.

నేను వరంగల్‌ల ఉస్తాద్ దగ్గర హెల్పర్‌గ చేరి, ఇప్పుడు సొంతంగ మెషిన్లు చూసుకుంటున్న. నాకు తెలిసినకాడికి చెప్త.

నూనెను ఒత్తితే అది కుదించుకపోదు. ఒక కొసన ఒత్తిన ఒత్తిడి ఇంకో కొసకు అట్లనే పోతది. లెక్క సులువుగ ఉండాలని అంకెలు నేనే పెడ్తున్న. నీ కాలు 30 కిలోల బరువేసిందనుకో. పెడల్ మీటలెక్క పనిచేసి దాన్ని ఐదింతలు చేస్తే 150 కిలోలు. పెడల్ తొక్కితే నూనెను నెట్టే మాస్టర్ సిలిండర్ పిస్టన్ 3 చదరపు సెంటీమీటర్లయితే, చదరపు సెంటీమీటర్‌కు 50 కిలోల ఒత్తిడి. యాక్సిల్ (చక్రాల ఇరుసు) లోపలి పిస్టన్ 60 చదరపు సెంటీమీటర్లుంటే డిస్కుల మీద పడేది 3,000 కిలోలు. టిప్పర్ల గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటర్‌కు 8 కిలోల దగ్గర్లనే ఉంటది, గందుకే వాటికి అంతంత పెద్ద చాంబర్లు. జేసీబీకి బ్రేకు డిస్కులు యాక్సిల్ లోపల, నూనెల మునిగి ఉంటయి. ఆ ఇరుకు జాగల అంత బలం నూనెతోనే వస్తది.

కాని బలం ఊరికెనే రాదు, దూరం తగ్గుతది. మాస్టర్ పిస్టన్ 2 సెంటీమీటర్లు జరిగితే 6 సీసీల నూనె నెట్టుకపోతది, అంటే పిల్లల టానిక్ మూతల పట్టేంత. ఆ 6 సీసీలకు అవతలి పెద్ద పిస్టన్ జరిగేది ఒక్క మిల్లీమీటరే! నీ బాధంత ఈ ఒక్క మిల్లీమీటర్ కాడ ఉన్నది. లైన్ల 6 సీసీల గాలి చేరిందనుకో, నువ్వు తొక్కిన తొక్కుడంత ఆ గాలిని నలుపుడుకే సరిపోతది, డిస్కుదాక ఏం పోదు. డిస్కులు అరిగి సందు పెరిగినా అంతే. మళ్లమళ్ల తొక్కితే డబ్బలకెల్లి ఇంకింత నూనె దిగి ఆ లోటు నింపుతది, గట్టిపడ్తది. గట్టిపడ్డంక కాలు తియ్యకుండ అట్లనే ఒత్తిపట్టి చూడు. మెల్లగ కిందికి జారితే మాస్టర్ సిలిండర్ రబ్బరన్న పోయినట్టు, లేదా లోపల ఏదో కాడ నూనె కారుతున్నట్టు.

ఇగ 68 నంబర్ ఆయిల్ సంగతి. ఈ తప్పు నేనే చేసిన. హెల్పర్‌గ ఉన్నప్పుడు కరీంనగర్ దిక్కు గ్రానైట్ క్వారీల ఒక పాత లోడర్ ఉండె. గాలి బూస్టర్‌ను నెడ్తది, బూస్టర్ బ్రేకు నూనెను నెడ్తది, అసొంటి బండి. డబ్బ ఖాళీగ కనిపిస్తే, చేతికందిన హైడ్రాలిక్ ఆయిల్ పోసిన. ఆ రోజు బ్రేకులు మంచిగనే పడ్డయి. మూడో రోజుకు కాలు తీసినా బ్రేకు వదల్తలేదు. డాట్-3, డాట్-4 అనే బ్రేకు నూనెలకు వాడే రబ్బరు, హైడ్రాలిక్ ఆయిల్ అసొంటి మినరల్ ఆయిల్ (పెట్రోలియం నూనె) తగిలితే ఉబ్బుతది. ఉబ్బి, నూనె డబ్బలకు తిరిగొచ్చే రంధ్రాన్ని మూసేసింది. ప్యాడ్లు పట్టుకోనుండంగనే డిస్కు తిరిగింది. కమ్మరి కొలిమి వాసన వచ్చింది, ఆపరేటర్ పట్టించుకోలే. కొత్త డాట్-3 నూనె 205 డిగ్రీలకు మరుగుతది, నీళ్లు పీల్చినంక 140కే మరుగుతది. మరిగితే ఆవిరి, ఆవిరంటే గాలిలెక్కనే. ర్యాంప్ దిగేటప్పుడు పెడల్ ఒక్కసారి అడుక్కు పోయింది. ఆయన బకెట్ నేలకు దించి ఈడ్చుకుంట ఆపిండు గనుక బతికిండు. నన్ను ఎవ్వరు కొట్టలే గాని, ఉస్తాద్ వారంరోజులు నాతోని మాట్లాడలే.

బాగుచేసేటప్పుడు ఇంకో పాఠం. రబ్బర్లన్ని మార్చినం, హోసులతో సహా, ఎందుకంటే హోసు లోపలి పొర కూడ ఉబ్బుతది. సామాను డీజిల్‌ల కడగబోతే ఉస్తాద్ చెయ్యి పట్టుకున్నడు. డీజిలూ అసొంటి నూనెనే, కొత్త రబ్బరును మళ్ల పాడుచేస్తది. కొత్త బ్రేకు నూనెతోనే కడగాలె.

నీ మెషిన్‌కు ఏ నూనెనో డబ్బ మూత మీద, మాన్యువల్‌ల రాసి ఉంటది. నీ జేసీబీ అసొంటి కొన్ని బ్యాక్‌హో మెషిన్లకు బ్రేకుల పోసేదే పల్చటి మినరల్ నూనె, వాటిల డాట్-3 పోస్తే అదీ నాశనమే. మినరల్ అని రాసి ఉన్నా 68 నంబర్ పోయొద్దు, అది చిక్కగ ఉంటది.

బయట తడి లేకుండ నూనె తగ్గుతున్నదంటే నా అనుమానం వెనుక యాక్సిల్ మీద. బ్రేకు పిస్టన్ సీలు పోతే నూనె యాక్సిల్ లోపలికే దిగుతది. మెషిన్ చదును జాగల ఆపి, బకెట్ దించి, టైర్లకు రాళ్లు పెట్టి, యాక్సిల్‌ల నూనె మట్టం చూసే లెవెల్ ప్లగ్ తీసి చూడు. నూనె ఎక్కువై బయటికి కారితే అనుమానం నిజమే. ఏ దిక్కు సీలో తెల్వాలంటే రెండు బ్రేకు పెడళ్లను కలిపిపట్టే లాక్ తీసి, ఎడమది కుడిది వేర్వేరుగ తొక్కి చూడు, పోయిన దిక్కుది మెత్తగ దిగుతది. చూసుడైనంక లాక్ మళ్ల పెట్టు. రోడ్డు మీద వేగంల ఒక్క పెడలే పడితే మెషిన్ ఒక దిక్కు తిరిగి బోల్తా పడ్తది.

లెవెల్ సరిగ్గ ఉంటే అప్పుడు గాలి తీయించు. ఒకరు తొక్కి పట్టాలె, ఇంకొకరు నిప్పల్ (బ్రేకు లైన్ల గాలి తీసే చిన్న మర) వదిలి బిగించాలె. బిగించినంకనే పెడల్ వదలాలె, లేకుంటే తీసిన గాలి మళ్ల లోపలికే పోతది. బుడగలు ఆగేదాక చెయ్యి, మధ్యల డబ్బ ఎండనీయకు.

అప్పటిదాక కట్ట మీదికెల్లి దిగేటప్పుడు న్యూట్రల్ వెయ్యకు. డీజిల్ మిగుల్తదని మన ఆపరేటర్లకు అదొక పిచ్చి. ప్లగ్ తీస్తే నూనె కారిందా, ఇగ మెషిన్‌ను నడిపించుకుంట ములుగు దాక తేకు, ట్రాలీ మీద వేయించు.