ఎండకాలంలో హైడ్రోపోనిక్స్ డ్రమ్ముకు ఇంకో ఎయిర్ పంపు పెడితే వేర్ల కుళ్లు ఆగుతుందా?

హన్మకొండలో ఒకరు హైడ్రోపోనిక్స్‌లో, అంటే మట్టి లేకుండా పోషకాల నీళ్లతోనే మొక్కలు పెంచుతున్నారు. డాబా మీద 200 లీటర్ల నీలం డ్రమ్ము, అందులోంచి పంపు ఎక్కించే నీళ్లు పారి తిరిగి డ్రమ్ములోకి వచ్చే నాలుగు పైపుల్లో పాలకూర, లెట్యూస్. ఎండలు ముదిరినప్పటి నుంచి వేర్లు గోధుమరంగుకు తిరిగి జిగురు పడుతున్నాయి, నీళ్లు వాసన కొడుతున్నాయి, పెద్ద ఎయిర్ పంపు కొనాలా అని అడిగారు. కొనే ముందు మధ్యాహ్నం మూడింటికి డ్రమ్ములో థర్మామీటరు ముంచి చూడండి అన్నా. 30 డిగ్రీలు దాటిందంటే మీ రోగం పంపుది కాదు, వేడిది.

నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ నిలవదు. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9.1 మిల్లీగ్రాముల దాకా కరుగుతుంది, 30 దగ్గర 7.5, 35 దగ్గర 6.9. మామూలు గాలితో ఎన్ని పంపులు పెట్టినా అంతకు మించి ఎక్కదు. అదే వేడికి వేర్లు ఎక్కువ ఆక్సిజన్ అడుగుతాయి, కుళ్లు తెచ్చే పిథియం అనే సూక్ష్మజీవి కూడా జోరుమీదుంటుంది. అందుకే ముందు నీళ్లు చల్లబడాలి, గాలి సంగతి ఆ తర్వాత.

డ్రమ్మును గోడ నీడకు జరపండి. నీలం డ్రమ్ములోంచి వెలుతురు లోపలికి పోయి పాచి పడుతుంది కాబట్టి ముందు నల్ల పెయింటు, దాని మీద తెల్లది వేయండి. చుట్టూ గోనెసంచులు కట్టి తడుపుతూ ఉండండి. మన దగ్గర ఎండకాలం గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఇది బాగా పని చేస్తుంది, వానలు మొదలయ్యాక అంత ఉపయోగం ఉండదు. రోహిణి కార్తెలో ఇవి చాలకపోతే ఐసు. లెక్క చూడండి: 200 లీటర్లను 33 నుంచి 28కి దించడానికి 1,000 కిలో కేలరీలు తీసేయాలి. కిలో ఐసు కరిగి 28 దాకా వేడెక్కేసరికి సుమారు 110 లాగుతుంది. అంటే తొమ్మిది కిలోలు, నీళ్లు నింపి గడ్డ కట్టించిన రెండు లీటర్ల సీసాలు ఐదు. మూత తీయకుండా సీసాలను అలాగే డ్రమ్ములో వదలండి, మందు (నీళ్లలో కలిపిన పోషకాలు) పలచబడదు. ఒక్క సీసా వేసి చల్లబడలేదనుకునేవాళ్లే ఎక్కువ.

నీళ్లలో మునిగి ఉండే పంపు కూడా హీటరే. 40 వాట్లది 200 లీటర్లను ఆరు గంటల్లో దాదాపు ఒక డిగ్రీ పెంచుతుంది. మీకు అంత పెద్దది అక్కర్లేదు. పైపుకు నిమిషానికి ఒకటి రెండు లీటర్లు చాలు, నాలుగింటికి కలిపి గంటకు 240 నుంచి 480. డబ్బా మీద రాసే 1,000 లీటర్లు ఎత్తు లేనప్పటి లెక్క. గరిష్ఠ ఎత్తు 2 మీటర్లని ఉంటే ఒక మీటరు ఎత్తుకు సుమారు సగమే వస్తుంది. అదే సరిపోతుంది. పంపును అడుగున నేరుగా పెట్టకుండా ఇటుక ముక్క మీద నిలబెడితే మడ్డి లాగదు.

ఇక గాలి. బుడగల్లోంచి నేరుగా కొంత ఆక్సిజన్ దిగుతుంది గానీ, ఇంత తక్కువ లోతులో వాటి పెద్ద పని అడుగు నీళ్లను పైకి లేపడం. పైన కదిలే నీళ్లకే గాలి అందుతుంది. మీ పైపుల్లోంచి తిరిగొచ్చే నీళ్లు ఆ పని సగం ఉచితంగా చేస్తాయి. రిటర్న్ పైపు మూతి నీళ్లలో మునగకుండా, నీటి మట్టానికి 20-30 సెంటీమీటర్ల పైన ఉంచండి. ఒక ఎల్బో (వంపు తిరిగిన పైపు ముక్క) పెట్టి పంపుకు ఎదురు వైపు పడేలా కొద్దిగా పక్కకు తిప్పితే డ్రమ్ములో నీళ్లు సుడి తిరుగుతాయి, మూలన మందు పేరుకోదు. దీనికి తోడు నిమిషానికి 10-15 లీటర్ల ఎయిర్ పంపు, రెండు ఎయిర్ స్టోన్లు (గాలిని సన్నని బుడగలుగా వదిలే రాళ్లు) చాలు. మొక్కల వేర్లు డ్రమ్ములోనే వేలాడే పద్ధతైతే లెక్క వేరు: నాలుగు లీటర్లకు నిమిషానికి అర లీటరు నుంచి లీటరు గాలి కావాలి. స్టోన్లను మాత్రం నీటి పంపు నోటికి దూరంగా పెట్టండి, బుడగలు మింగితే పంపు గాలి పట్టి నీళ్లు ఎత్తదు.

ఎయిర్ పంపు నీటి మట్టానికి పైనే ఉండాలి. కింద పెడితే కరెంటు పోయిన నిమిషంలో నీళ్లు ట్యూబులోంచి వెనక్కి పాకి పంపులోకి దిగుతాయి. నీళ్లు వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వు వేసినా, ఉప్పు పట్టి అది ఇరుక్కుంటుంది. నెలకోసారి నోటితో ఊది చూడండి, ఒకవైపే గాలి పోవాలి. కరెంటు కోతల కోసం 12 వోల్టుల 5 వాట్ల చిన్న డీసీ ఎయిర్ పంపు, 7 యాంపియర్-అవర్ బ్యాటరీ పెట్టుకుంటే సగం ఛార్జీతోనే ఎనిమిది గంటలు లాగుతుంది. కానీ దీంతో డ్రమ్ము బతుకుతుంది, పైపుల్లోని వేర్లు కాదు. మే ఎండలో అవి గంటలోనే వాడిపోతాయి, నీటి పంపుకు ఇన్వర్టరు లైను ఇవ్వాల్సిందే.

బోరు నీళ్లు వాడితే స్టోన్ల మీద తెల్ల పొక్కు కట్టి బుడగలు పెద్దవవుతాయి, ఒక్క పక్కనుంచే వస్తాయి. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. బ్లీచింగుతో కలపకండి, విషవాయువు వస్తుంది.

ఇప్పుడున్న మందు నీళ్లు పూర్తిగా పారబోయండి, వాసన వచ్చాక కాపాడలేం. పైపులు, డ్రమ్ము కడిగి, కుళ్లిన మొక్కలు తీసేసి కొత్తగా కలపండి. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడు లీటరుకు 3 మిల్లీలీటర్లు వేస్తే రెండు మూడు రోజులు సర్దుకుంటుంది, కానీ ట్రైకోడెర్మా వంటి మంచి సూక్ష్మజీవులను కూడా చంపేస్తుంది, రెండూ కలిపి వాడొద్దు.

గాలి పెంచాక పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత) పైకి పోతే భయపడకండి. బోరు నీళ్లలో కరిగున్న కార్బన్ డయాక్సైడు బుడగలతో బయటికి పోతుంది, బైకార్బొనేటు మిగిలి పీహెచ్ 8 దాటుతుంది. అందుకే కొత్త నీళ్లు పట్టగానే యాసిడ్ పోయొద్దు. రాత్రంతా బుడగల మీద ఉంచి, పొద్దున పోషకాలు కలిపి, అప్పుడు ఫాస్ఫారిక్ యాసిడ్‌తో 5.8-6.2కి దించండి. నల్లా నీళ్లైతే ఆ రాత్రి గాలికి క్లోరిన్ కూడా తగ్గుతుంది.